తాడు లాగే చోటు

మా అయ్య గొంతు ఒక సినిమాలో ఉంది.
పేరు వెయ్యలేదు. మొహం చూపించలేదు.
గొంతొక్కటే.

పెద జాలారిపేటకి షూటింగని వచ్చి
మూడు రోజులు మా ఎండుచేపలు ఎత్తించారు, మళ్లీ పరిపించారు.
నాలుగో రోజు తెల్లారగట్ల
చెవులకి డిప్పలు పెట్టుకున్న కుర్రాడొకడు
తడి ఇసకలో మోకాళ్ల మీద కూచుని
గరికిన మసేను నోటి ముందు
బొచ్చు తొడిగిన గొట్టం ఒకటి పట్టాడు.
"ఏటి పాడమంతావు బాబూ?"
"ఏం పాడొద్దు. వల లాగు, చాలు."

అయ్య లాగాడు.
రెండు మెట్లు ఎక్కి ఒక మెట్టు దిగే కేక,
ఆ తరవాత ఖాళీ.
మళ్లీ రెండెక్కి, ఒకటి దిగి, ఖాళీ.
నూటయాభై రూపాయలిచ్చారు, బిర్యానీ పొట్లం ఇచ్చారు.
పొట్లం ఏడుగురం తిన్నాం.

జగదాంబ దగ్గరి హాల్లో, ముందు వరసలో,
మెడలు వెనక్కి విరిచి చూశాం.
వాల్తేరు మిట్ట మీది మేడ కనపడితే పియానో,
వెండి చెంచాలు ఒకదాన్నొకటి పలకరించుకున్నట్టు.
కెమెరా మా పేటలోకి దిగగానే
ఆ సంగీతమంతా ముడుచుకుని
జలుబు చేసిన పిల్లనగ్రోవి ఒకటి మిగిలేది.
అరగంటకే నాకు పాఠం వచ్చేసింది:
పియానో మోగితే చెప్పులు బయట విడవాలి,
పిల్లనగ్రోవి మోగితే దీపం ఆరిపోతుంది.

ఎరికమ్మ పిన్ని నా చెవిలో అంది:
"మీ సిన్నాన్న పోయిన్నాడు
మనింటికి పిల్లనగ్రోవి రానేదేటే?
నాకు పంపు మోటారు సప్పుడే ఇనిపించింది."

ఆ ఊదేది అయ్య కేకే.
బెస్తవాడి కొడుకుగా వేసిన తెల్లటి కుర్రాడు
చిరుగుల బనీనుతో కనపడినప్పుడల్లా
అదే: రెండెక్కి, ఒకటి దిగి.
పేటంతా అయ్య వేపు చూసేది.
అయ్య చీకట్లో మీసం సర్దుకునేవాడు.

చివర్లో ఆ కుర్రాడు మేడ పిల్లని పెళ్లాడి
కోటు వేసుకుని మెట్లు దిగాడు.
నలభై వయొలిన్లు ఒక్కసారి లేచాయి.
మా కేకే! కోటు దానికీ కుట్టించారు.
రెండెక్కింది, ఒకటి దిగింది,
ఖాళీ రావలసిన చోట
వయొలిన్లు మీగడలా పొంగి కప్పేశాయి.
నా పక్కన అయ్య భుజాలు
వాటంతటవే వెనక్కి వెళ్లబోయి
చోటు దొరక్క ఆగిపోయాయి.

హాలంతా చప్పట్లు.
అయ్య మాత్రం తెర వేపే చూస్తూ
"మరి తాడెప్పుడు లాగుతారూ?" అన్నాడు.

ఇప్పుడు నాకు ముప్ఫయ్యారు.
బీచి రోడ్డు హోటల్లో దుప్పట్లు మారుస్తాను.
మాకు వెనక లిఫ్టు.
అది చెడిపోయిన రోజు
అద్దాల లిఫ్టులోకి రానిచ్చారు, బండితో సహా,
ఎవరూ లేనప్పుడు, తొందరగా.

పైకప్పులోంచి సన్నగా అదే పాట.
కోటు కూడా విప్పేసి, పౌడరు రాసి
నిద్రమొహంతో వదిలారు దాన్ని.
అద్దంలోంచి సముద్రం, రెండు మూడు తెప్పలు,
లాగేవాళ్లు ఇంత ఎత్తునుంచి ఆనరు.
ఆరు, ఏడు, ఎనిమిది.
ఖాళీ ఎక్కడా రాలేదు.

సాయంత్రానికి మా లిఫ్టు బాగుచేశారు.
దాంట్లో పాటలుండవు.
ఇనప తాడొకటి కిర్రుమంటుంది,
ఆగుతుంది,
మళ్లీ కిర్రుమంటుంది.
ఆగిన చోట నా చేతులు
బండి పిడిని గట్టిగా పట్టుకుంటాయి.
తడి తువ్వాళ్లు బరువు, అందుకే అనుకుంటాను.

ఇంటికెళ్లి అయ్యకి చెప్పలేదు.
కుడి భుజం లేవదు ఆయనకి.
కొబ్బరినూనె వెచ్చబెట్టి రాస్తుంటే
కళ్లు మూసుకుని
ఒక మెట్టు ఎక్కాడు.
రెండోది ఎక్కలేదు.